సప్పుడు లేని పడవకు హారన్: ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 7, ఆదివారం

పడవ నీళ్లలోకి దిగి ఈ రోజుకు మూడు వారాలు. 14 అడుగుల ఫైబర్ పడవ, వెనకాల బ్యాటరీతో నడిచే చిన్న మోటారు. పెట్రోలు ఇంజను వద్దనుకున్నది చెరువులో నూనె చుక్క పడకూడదని, నీటికాకులు బెదిరిపోకూడదని. అనుకున్నట్టే కుదిరింది. ముక్కు దగ్గర నీళ్లు చీలే సన్నటి శబ్దం తప్ప పడవకు చప్పుడే లేదు. వచ్చినవాళ్లందరికీ ముందుగా చెప్పుకున్నది ఆ సంగతే.

నర్సంపేట వైపు చలికాలం పొద్దుటి మంచు ఎలా ఉంటుందో తెలిసిందే. ఈ రోజు ఆరున్నరకు కట్ట మీద నిలబడితే మత్తడి కనిపించలేదు. అయినా దిగాను. మెల్లగానే పోనిచ్చాను. నీళ్లలో మునిగిన తుమ్మచెట్ల దగ్గర మలుపు తిరిగేసరికి ఐదారు మీటర్లలో థర్మకోల్ తెప్ప, దాని మీద వంగి వల ఎత్తుతున్న మామ. ఆయన వీపు నా వైపే ఉంది. మోటారు వెనక్కి తిప్పాను. పడవ ముక్కు తెప్పను రాసుకుంటూ ఆగింది. వల తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకోలేదు, తెప్ప బోల్తా పడలేదు.

"ఏంది బిడ్డా, సప్పుడే లేదు. పామొచ్చినట్టొచ్చినవ్" అన్నాడు మామ.

కోపంగా అనలేదు. అందుకే ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఆయనకు ఈత వచ్చు కానీ కాళ్లకు వల చుట్టుకుంటే ఈత ఎంతవరకు పనికొస్తుంది? లైఫ్ జాకెట్లు కొన్నాను, తెడ్లు కొన్నాను, లంగరు చేయించాను. అవన్నీ పడవలో కూర్చున్నవాళ్ల కోసం. అవతల నీళ్ల మీద ఉన్న మనిషికి నేను వస్తున్నానని చెప్పే వస్తువు పడవలో ఒక్కటీ లేదు. అది పెట్టేదాకా మంచులో పడవ తియ్యను.

డిసెంబర్ 8, సోమవారం

రాత్రి కూర్చొని నిబంధనలు చదివాను. సముద్రం మీద ఓడలు ఒకదానికొకటి గుద్దుకోకుండా 1972లో దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న నియమాలున్నాయి, కోల్‌రెగ్స్ అంటారు. 1977 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. అవి సముద్రానికి, సముద్రపు ఓడలు రాగల నీళ్లకు వర్తిస్తాయి. మా ఊరి చెరువు ఏ సముద్రానికీ కలవదు కాబట్టి ఇక్కడ అవి చట్టం కావు. మన దేశంలో లోపలి నీళ్ల మీద మోటారు పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది, ఆ కాగితాల పని వేరే నడుస్తోంది. ఇక్కడ నాకు కావలసింది ఎవరో శిక్షిస్తారన్న భయంతో పెట్టే పరికరం కాదు. వందేళ్లకు పైగా పొగమంచులో ఓడలు నడిపినవాళ్లు ఏం నేర్చుకున్నారో అది కావాలి.

33వ నియమం పరికరాల గురించి. 12 మీటర్లు, అంతకన్నా పొడవైన ఓడకు విజిల్ ఉండాలి. విజిల్ అంటే నోటితో ఊదే ఈల కాదు, నిర్ణయించిన కూతలు ఇవ్వగల ఏ హారన్ అయినా విజిలే. 20 మీటర్లు దాటితే దానికి తోడు గంట. 100 మీటర్లు దాటితే గంటతో పొరపడే వీలులేని గొంతున్న జేగంట కూడా. 12 మీటర్లకు తక్కువైన పడవకు ఇవేవీ తప్పనిసరి కాదు, కానీ గట్టిగా వినిపించే శబ్దం చేసే సాధనం ఏదో ఒకటి ఉండి తీరాలి. నా పడవ 4.3 మీటర్లు. అంటే చిన్న పడవ అని వదిలెయ్యలేదు. ఏం పెట్టుకోవాలో మనకే వదిలేశారు, పెట్టుకోకుండా ఉండటాన్ని మాత్రం వదల్లేదు. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది.

ఇక కూతలు. అమ్మ కాజీపేటలో పెరిగింది, రైలు కూతను బట్టి బండి ఆగుతుందో దాటిపోతుందో చెప్పేదట. అందుకే ఇక్కడా 'కూత' అనే మాటే వాడతాను. పొట్టి కూత దాదాపు ఒక సెకను. పొడుగు కూత 4 నుంచి 6 సెకన్లు. ఒకరికొకరు కనిపిస్తున్నప్పుడు ఒక పొట్టి కూత అంటే కుడికి తిరుగుతున్నాను, రెండంటే ఎడమకు, మూడంటే మోటారు వెనక్కి తిప్పుతున్నాను. ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గబగబా ఇస్తే, నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు అని. అవతల ఏముందో కనిపించని మలుపు దగ్గర ఒక పొడుగు కూత ఇవ్వాలి, అవతల ఎవరైనా ఉంటే వాళ్లూ పొడుగు కూతతోనే బదులివ్వాలి. తుమ్మచెట్ల మలుపు దగ్గర ఆదివారం ఈ ఒక్క కూత ఉంటే సరిపోయేది.

మంచులో లెక్క వేరు. కదులుతున్న మోటారు పడవ రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు కూత ఇస్తుండాలి. మోటారు ఆపి నీళ్ల మీద నిలిచి ఉంటే రెండు పొడుగు కూతలు, మధ్యలో రెండు సెకన్ల విరామం. వల వేసి చేపలు పడుతున్న పడవైతే ఒక పొడుగు, రెండు పొట్టి. ఇది చదవగానే కాసేపు ఆగిపోయాను. పొడుగు, పొట్టి, పొట్టి. మామ తెప్పకు ఆ నియమాల్లో ఒక సొంత కూత ఉంది.

డిసెంబర్ 13, శనివారం

ముందు ఈలల పని. హన్మకొండలో ఆటసామాను దుకాణంలో రెండు రకాలు కొన్నాను. ఒకటి లోపల గోళీ తిరిగే మామూలు ఈల. ఇంకోటి గోళీ లేనిది, ఫాక్స్ 40 రకం. కెనడాలో బాస్కెట్‌బాల్ రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్, గోళీ ఇరుక్కుని ఈల మోగకపోవడంతో విసిగి, గోళీయే లేని ఈల చేయించి 1987లో అమ్మకానికి తెచ్చాడు. రెఫరీల కోసం పుట్టింది కానీ నీళ్ల మీద తిరిగేవాళ్లకూ బాగా అక్కరకొచ్చే వస్తువు.

బకెట్ పరీక్ష పెట్టాను. రెండు ఈలల్నీ పది నిమిషాలు నీళ్లలో ముంచి, తియ్యగానే ఊదాను. గోళీ ఈల మొదట బుడబుడమంది, నాలుగోసారికి మోగింది. గోళీ లేనిది మొదటి ఊదుకే మోగింది. తర్వాత బురద నీళ్లలో ముంచాను. గోళీ ఈల మూగబోయింది, విదిలించినా పలకలేదు. నీళ్లలో పడ్డ మనిషికి నాలుగోసారి దాకా ఊపిరి ఉంటుందని లెక్కపెట్టుకోకూడదు. గోళీ ఈలను పక్కన పెట్టేశాను.

గోళీ లేనివి ఆరు తెచ్చాను. నాలుగు లైఫ్ జాకెట్లకు భుజం దగ్గర పొట్టి తాడుతో కట్టాను. చెయ్యి పైకెత్తలేకపోయినా నోటికి అందాలి, అందుకే తాడు పొడవు ఒక్కో జాకెట్ వేసుకుని కొలిచి కత్తిరించాను. రెండు మిగిలాయి, ఎవరికివ్వాలో తెలుసు.

డిసెంబర్ 20, శనివారం

హారన్ కోసం రకరకాలు ఆలోచించాను. డబ్బాలో గ్యాసు నింపి వచ్చే చేతి హారన్లు విదేశాల్లో చిన్న పడవల్లో ఎక్కువ వాడతారు. గట్టిగా మోగుతాయి, వైర్లు అక్కర్లేదు. కానీ డబ్బా ఎప్పుడు అయిపోతుందో తెలియదు, చలికి గ్యాసు ఒత్తిడి తగ్గుతుంది. మంచు పట్టే పొద్దుటే అది నీరసపడితే నాకెందుకు? లారీల గాలి హారన్ చాలా బరువు, కంప్రెసర్ పెట్టాలి. కారు హారన్ ఖాయం చేసుకున్నాను. నత్తగుల్లలా చుట్టి ఉండే రకం. జతగా అమ్ముతారు, ఒకటి మంద్ర గొంతు, ఒకటి సన్న గొంతు. నేను వాడుతున్నది మంద్ర గొంతుదే, సుమారు 400 హెర్ట్జ్.

దానికో కారణముంది. 20 మీటర్లలోపు ఓడల విజిల్ మూల స్వరం 250 నుంచి 700 హెర్ట్జ్ మధ్య ఉండాలని నియమాల అనుబంధంలో రాశారు. పెద్ద ఓడలవి ఇంకా మంద్రం, 200 మీటర్లు దాటిన వాటికి 70 హెర్ట్జ్ నుంచి మొదలు. మంద్ర శబ్దాన్ని గాలి తక్కువగా మింగుతుంది, చెట్టూ పుట్టా దాటుకుని పోతుంది. రెండోది, గొంతును బట్టి ఓడ ఎంత పెద్దదో కూడా వినేవాళ్లకు అంచనా వస్తుంది. ఈల గొంతు కొన్ని వేల హెర్ట్జ్, దగ్గరలో చెవి గుచ్చుకుంటుంది కానీ దూరం పోయే కొద్దీ త్వరగా పలచబడుతుంది.

నర్సంపేటలో బాబాయి ఆటో ఎలక్ట్రీషియన్. హారన్ బిగించడం ఆయనకు కళ్లు మూసుకుని చేసే పని. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపుల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలికి (రిలే అంటే బటన్ కొద్దిపాటి కరెంటుతో హారన్ పెద్ద కరెంటును కలిపే స్విచ్చి). 87వ కాలు నుంచి హారన్‌కు. బటన్ వైరు 86కు, 85 ఎర్త్‌కు. ఇక్కడికొచ్చి బాబాయి ఆగిపోయాడు.

"ఎర్త్ ఎక్కడ గొట్టాల్రా?"

బండికైతే ఇనుప బాడీయే ఎర్త్. ఫైబర్ పడవకు బాడీ ఎర్త్ ఎక్కడిది? ప్రతి మైనస్ వైరు మళ్లీ బ్యాటరీ దాకా రావాల్సిందే. రాగి పట్టీ ఒకటి పెట్టి మైనస్‌లన్నీ దానికి చేర్చి, అక్కడి నుంచి ఒక లావు వైరు బ్యాటరీకి తీసుకెళ్లాం. ముప్పై ఏళ్లుగా బండ్లు చేస్తున్న బాబాయికి ఇది కొత్త లెక్క. రెండు నిమిషాలు ఆలోచించి నాకంటే నీటుగా కట్టాడు.

హారన్‌కు మోటారు బ్యాటరీ ఇవ్వలేదు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ చిన్న బ్యాటరీ వేరే పెట్టాను, యూపీఎస్‌లో ఉండేలాంటిది. మోటారు బ్యాటరీ అయిపోయి చెరువు మధ్యలో ఆగిపోయినప్పుడే హారన్ అవసరం ఎక్కువ. రెండూ ఒకేసారి చావకూడదు.

డిసెంబర్ 24, బుధవారం

హారన్ బొంగురుగా పలుకుతోంది. దుకాణంలో విన్న గొంతు కాదిది. మీటరు పెట్టి చూశాను. మోగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, హారన్ దగ్గర 11.6. ఇంట్లో మిగిలిన 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వాడాను, తప్పు అక్కడుంది. ముక్కు దాకా పోను రాను ఆరు మీటర్లు, సుమారు 5 ఆంపుల కరెంటు. 2.5 వైరు తెచ్చి మార్చాను, కొసలు టంకం వేసి పైన రబ్బరు గొట్టం ఎక్కించాను. ఇప్పుడు హారన్ దగ్గర 12.3. గొంతు విచ్చుకుంది.

డిసెంబర్ 28, ఆదివారం

ఈ రోజు దూరం పరీక్ష. దీని కోసమే వారమంతా ఎదురుచూశాను.

నియమాల ప్రకారం 20 మీటర్లలోపు ఓడ విజిల్ అర నాటికల్ మైలు, అంటే 926 మీటర్లు వినిపించాలి. ఆ గొంతుకు మీటరు దూరంలో 120 డెసిబెల్స్ బలం కావాలి. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి 926 మీటర్లకు వెళ్లేసరికి 60 దగ్గరికొస్తుంది, ఎదురుగా కూర్చొని మాట్లాడుకునే మాటంత. నా హారన్ డబ్బా మీద రెండు మీటర్లకు 110 అని రాసి ఉంది, అంటే మీటరుకు 116. పెద్ద పడవ నియమానికి కొంచెం తక్కువే. నాకు ఆ నియమం లేదు కానీ ఎంత తక్కువో చెవితో తెలుసుకోవాలి.

తమ్ముడు తూము దగ్గర నుంచి కట్ట మీద నడిచాడు. నేను పడవలో తూముకు ఎదురుగా లంగరేసుకుని కూర్చున్నాను. ఫోన్లో దూరం చూసుకుంటూ 200, 400, 600, 900 మీటర్ల దగ్గర ఆగాడు. నేను టార్చి వెలిగించి అదే క్షణంలో పొడుగు కూత. వినపడితే అతను టార్చి రెండుసార్లు ఆర్పాలి. పొద్దున ఆరుంబావుకు, గాలి లేనప్పుడు, 900 దగ్గర కూడా స్పష్టంగా వినిపించింది. టార్చి కనిపించిన తర్వాత కూత రావడానికి రెండున్నర సెకన్లు పట్టిందని చెప్పాడు. శబ్దం సెకనుకు 340 మీటర్లు నడుస్తుంది, లెక్క సరిపోయింది.

పదకొండింటికి మళ్లీ చేశాం. ఎండ ఎక్కింది, గాలి కట్ట మీది నుంచి నా వైపు వీస్తోంది. 400 దగ్గర సన్నగా, 600 దగ్గర ఏమీ లేదు. అదే హారన్, అదే బ్యాటరీ. పొద్దున నీళ్ల పక్కన చల్లగాలి, పైన కాస్త వెచ్చటి గాలి ఉంటుంది, శబ్దం కిందికే వంగి దూరం పోతుంది. ఎదురుగాలిలో పైకి లేచిపోతుంది. మంచు పట్టే వేళ గాలి ఉండదు కాబట్టి నాకు కావలసిన సమయంలో హారన్ బాగా పనిచేస్తుంది. గాలి రోజున మాత్రం దీన్ని నమ్ముకుని కళ్లు పక్కకు తిప్పకూడదు.

ఈల కూడా పరీక్షించాం. పొద్దున 600 దాకా వచ్చింది, 900 దగ్గర లేదు.

ఇంకో పని మిగిలింది. హారన్ మోగుతుంటే మోటారు దగ్గర కూర్చున్న నాకే చెవులు దిబ్బడేశాయి. ఓడ మీద వినేచోట సొంత కూత 110 డెసిబెల్స్ దాటకూడదని, వీలైతే 100 లోపే ఉండాలని అనుబంధంలో ఉంది. ఫోన్ యాప్ కొలత కచ్చితం కాదు, కానీ ముందూ వెనకా పోల్చుకోవడానికి చాలు. హారన్‌ను పడవ ముక్కు కిందికి దించి, నోరు ముందుకూ కొంచెం కిందికీ ఉండేలా బిగించాక నా సీటు దగ్గర బాగా తగ్గింది. నోరు కిందికి ఉంటే వాన నీళ్లూ నిలవవు.

జనవరి 4, ఆదివారం

హారన్ పెట్టడం నా ఒక్కడి పని. దాని అర్థం మాత్రం నేనొక్కణ్నే నిర్ణయించేది కాదు. అందుకే ఈ రోజు మత్స్య సొసైటీ వాళ్ల దగ్గరికి వెళ్లాను. రావిచెట్టు కింద పదిహేను మంది దాకా ఉన్నారు, మామ కూడా.

మొదటి ప్రశ్న నేననుకున్నదే. "హారన్ కొడితే చేపలు బెదరవా?" గాల్లో పుట్టిన శబ్దం చాలా వరకు నీటి పైభాగానికి తగిలి వెనక్కి పోతుంది, లోపలికి దిగేది చాలా కొద్ది. తెప్ప అంచు మీద కర్రతో కొడితే ఆ చప్పుడు నేరుగా నీళ్లలోకి పోతుంది. ఈ సంగతి వాళ్లకు నాకంటే బాగా తెలుసు, చేపల్ని వలలోకి తోలడానికి వాళ్లు చేసేదే అది. అది విన్నాక ఇంకో విషయం అర్థమైంది. నేను తట్టనో రేకునో కొట్టి హెచ్చరిక చేద్దామని మొదట్లో అనుకున్నాను. ఈ చెరువులో ఆ చప్పుడుకు ముందే ఒక అర్థం ఉంది. చేపలు తోలుతున్నారనుకుని ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు.

రెండో మాట మామది. "నీ ఐదారు రకాలు మాకు యాదికుండయి. మూడు జెప్పు."

ఆయన మాటే సరైనది. కుడి, ఎడమ కూతలు వదిలేశాను, ఎదురెదురుగా కనిపిస్తే చెయ్యి ఊపుకుంటే చాలు. మూడింటికి ఒప్పుకున్నాం. పొడుగు ఒకటి: మోటారు పడవ వస్తోంది. పొడుగు, పొట్టి, పొట్టి: ఇక్కడ వల ఉంది, మనిషి ఉన్నాడు. గబగబా ఐదు పొట్టి: ఆగు, ప్రమాదం. అర్థాలు మాత్రం అంతర్జాతీయ నియమాల్లో ఉన్నవాటికి దగ్గరగానే ఉంచాను, కొత్తవి కల్పించలేదు. ఈ ఊరి పిల్లలు రేపు విశాఖలో పడవెక్కినా ఇక్కడ నేర్చుకున్నది అక్కడ తప్పు కాకూడదు.

ఇంకోటి కూడా పెట్టుకున్నాం: కూత వినగానే బదులివ్వాలి. అమెరికాలో లోపలి నీళ్ల నియమాల్లో ఇలాంటి పద్ధతుంది. అక్కడ ఒక పొట్టి కూత అంటే 'నిన్ను నా ఎడమ పక్కన ఉంచి దాటుతాను' అనే ప్రతిపాదన, అవతలి వాళ్లు ఒప్పుకుంటే అదే కూత తిరిగి ఇస్తారు. నేను కూసి, బదులు రాకపోతే దారి ఖాళీగా ఉందని కాదు, విన్నారో లేదో తెలియదని అర్థం. అప్పుడు తెడ్డు వెయ్యడమే, మోటారు వద్దు.

మిగిలిన రెండు ఈలలు మామకు, ఆయన కొడుక్కు ఇచ్చాను. మరో పన్నెండు కావాలి.

జనవరి 10, శనివారం

పెంబర్తి నుంచి చిన్న ఇత్తడి గంట తెచ్చాను. నా పడవకు గంట అక్కర్లేదు. అసలు నియమాల్లో గంట అంటే మూతి 300 మిల్లీమీటర్లు, నాలుక బరువు గంట బరువులో కనీసం 3 శాతం, అది 20 మీటర్ల ఓడ మాట. నాది అరచేతిలో పట్టేది. లంగరేసుకుని ఆగినప్పుడు నిమిషానికోసారి ఐదు సెకన్లు గబగబా కొడితే 'కదలకుండా ఉన్నాను' అని. మంచులో పిల్లలతో గాలం వేసుకుని కూర్చున్నప్పుడు హారన్ కంటే ఇదే హాయిగా ఉంటుంది.

జనవరి 16, శుక్రవారం

సంక్రాంతికి ఐదు రోజులు పడవ తియ్యలేదు. ఈ రోజు బటన్ నొక్కితే హారన్ మూలిగింది. ఫ్యూజు బాగుంది, వోల్టేజీ బాగుంది. విప్పి చూస్తే మూతిలో మట్టి గూడు, కందిరీగ పని. ఐదు రోజుల్లో కట్టేసింది. సన్నటి స్టీలు జాలీ కోసి మూతికి బిగించాను. గొంతులో తేడా తెలియలేదు. ఇకనుంచి కట్ట వదిలే ముందు ఒక పొట్టి కూత కొట్టి చూసుకోవడం తప్పనిసరి.

జనవరి 18, ఆదివారం

ఈ చలికాలంలో ఇంత మంచు చూడలేదు. పడవ ముక్కు కూడా మసకగా ఉంది. తమ్ముడు ముందు కూర్చున్నాడు, నేను మోటారు దగ్గర. నడక వేగం కన్నా తక్కువలో, రెండు నిమిషాలకోసారి పొడుగు కూత. కూత కూశాక మోటారు ఆపి వినాలి, ఇది అనుభవంలో తెలిసింది. మోటారు చప్పుడు తక్కువే అయినా నీళ్ల చప్పుడు చెవిని కప్పేస్తుంది.

తుమ్మచెట్లు దగ్గరపడ్డాయని అంచనా వేసి మళ్లీ పొడుగు కూత. ఆపి విన్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత ఈల వచ్చింది. పొడుగు, పొట్టి, పొట్టి.

తమ్ముడు ఎడమ పక్క అన్నాడు, నాకు ఎదురుగా వినిపించింది. మంచులో ఇదే కష్టం, కూత ఉందని తెలుస్తుంది కానీ ఎటు నుంచో నమ్మకంగా చెప్పలేం. అందుకే ఎటూ తిప్పలేదు. మోటారు పైకెత్తి రెండు పొడుగు కూతలు ఇచ్చాను, ఆగి ఉన్నానని. మామకు ఆ కూత నేర్పలేదు, అయినా ఈల మళ్లీ మోగింది, ఈసారి ఇంకాస్త దగ్గరగా. తెడ్డు వేసుకుంటూ పోతుంటే ఇరవై మీటర్లలో తెప్ప నీడ తేలింది. మామ మా వైపే తిరిగి కూర్చుని ఉన్నాడు, ఈల ఇంకా పెదాల మధ్యే ఉంది.

"తూము కాడి నుంచే ఇనవడ్తుంది. వల కుడి దిక్కుంది, ఇటు రండి" అన్నాడు.

ఎడమ వైపు నుంచి దాటాం. సాయంత్రం పన్నెండు ఈలలకు ఆర్డర్ పెట్టాను. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఇన్ని కూతల తర్వాత 12.6 దగ్గరుంది.